పిల్లికి బిచ్చము



పిసినారిని గూర్చి మన పల్లెలలో ఒక మాట కలదు. "వాడు పిల్లికి కూడ బిచ్చము పెట్టడు" అందురు. చిన్ననాటినుండి ఈ మాట వినుచునే యున్నాము. అయితే పిల్లికి నిజముగా బిచ్చము పెట్టవలసిన దినము వచ్చినయెడల మనమేమి చేయుదుమో ఎన్నడును ఆలోచించియుండము. గిన్నెలో మిగిలిన పాలచుక్క దానియెదుట పోయుటను గూర్చి నేను చెప్పుటలేదు. ప్రతి ఉదయము, ప్రతి సాయంకాలము, ఒక్క పూటయు తప్పక, అది బ్రతికియున్నంత కాలము దాని నోట మందు వేయవలసివచ్చినయెడల ఏమి చేయుదుము? నిమ్మనపల్లెలో ఈ ప్రశ్న నాయెదుటికి వచ్చినది. మొదట నేను దానికి తప్పు జవాబు చెప్పితిని. ఆ సంగతి దాచక మీతో చెప్పుకొనవలెనని ఇది వ్రాయుచున్నాను.

నిమ్మనపల్లె మీలో కొందరికి తెలిసియుండును. మదనపల్లెకు చేరువనున్న ఊరు. బాహుదా యేటికి కట్టిన ప్రాజెక్టు ఆ ప్రాంతముననే యున్నది. టమాటా, వేరుశనగ పండించు రైతుల నేల అది. ఇట్టి యిండ్లలో పిల్లిని ముద్దుకొరకు పెంచరు. విత్తనపు కాయల మూటలు ఇంటిలో ఉండును, మూటలున్నచోట ఎలుకలుండును, గనుక పిల్లి యుండును. రాత్రియంతయు అది కావలి కాచును. తెల్లవారిన తరువాత దానిని ఎవరును పలుకరింపరు. అది ముసలిదైన దినమున ఎక్కడికి పోయినదో కూడ ఎవరును అడుగరు.

మా సంఘములో ఒక పంతులమ్మగారు కలరు. ఉద్యోగము విరమించిన యేట విత్తనపు మూటల సందున ఒక పిల్లికూన ఆమెకు దొరికెను. ఆ కూన పెరిగి, ఆమెతోపాటు ముసలిదాయెను. దానికి పండ్రెండేండ్లు నిండినప్పుడు ఒక వింత మార్పు కనబడెను. మునుపటికంటె రెండింతలు తినుచుండెను గాని రోజురోజుకు చిక్కిపోవుచుండెను. రాత్రులు నిద్రలేక ఇల్లంతయు తిరుగుచు అరచుచుండెను. నీళ్లు మాటిమాటికి త్రాగుచుండెను, తిన్నది కక్కుచుండెను. దాని ప్రక్కమీద చేయి పెట్టినయెడల గుండె దడదడ కొట్టుకొనుట తెలియుచుండెను. నులిపురుగులని ఒకరు, దిష్టియని ఒకరు చెప్పిరి. ముసలితనమే గదా, వదలివేయుమని చాలమంది చెప్పిరి.

బెంగుళూరులో ఉద్యోగము చేయు మేనకోడలు పండుగకు వచ్చి, దానిని బుట్టలో పెట్టుకొని పశువైద్యునియొద్దకు కొనిపోయెను. రక్తము పరీక్షించి, ఇది థైరాయిడ్ గ్రంథి వ్యాధియని వారు చెప్పిరి.

థైరాయిడ్ అనునది మెడలో ఊపిరిగొట్టమునకు ఇరుప్రక్కలనుండు చిన్న గ్రంథి. మనకున్నట్లే పిల్లికిని ఉన్నది. దేహములోని మంట ఎంత మండవలెనో అది నిర్ణయించును. అది మితిమీరి పనిచేసినప్పుడు లాంతరు వత్తిని మరీ పైకెత్తినట్లగును. వెలుగు పెద్దదిగానే కనబడును గాని నూనె త్వరగా తరుగును, చిమ్నీ మసిబారును. అట్లే పిల్లి ఎంత తిన్నను దేహము కరగిపోవును, గుండె అలసిపోవును, రక్తపుపోటు పెరుగును, కొన్నిటికి చూపు కూడ పోవును. 1979, 1980 సంవత్సరములలో అమెరికా పశువైద్యులు ఈ వ్యాధిని మొదటిసారిగా స్పష్టముగా వర్ణించిరి. సాధారణముగా పదేండ్లు దాటిన పిల్లులకు ఇది వచ్చును. చాలమట్టుకు ఇది కాన్సరు కాదు, గ్రంథిలో పెరిగిన మామూలు గడ్డయే.

దీనికి వైద్యము లేకపోలేదు. గ్రంథిని కోసి తీసివేయవచ్చును. అణుశక్తిగల అయొడిన్ ఇచ్చి చెడిన భాగమును మాడ్చివేయవచ్చును. అయితే అందుకు ప్రత్యేకమైన వసతులున్న ఆసుపత్రి కావలెను. అయొడిన్ బహు తక్కువగానుండు ఆహారము మాత్రమే పెట్టి అదుపులో ఉంచు పద్ధతియు కలదు. సామాన్యులకు అందునది మాత్ర. మెథిమజోల్ అనియు కార్బిమజోల్ అనియు రెండు మందులు కలవు. కార్బిమజోల్ దేహములో మెథిమజోల్‌గానే మారును. మనుష్యులకు ఈ వ్యాధి వచ్చినప్పుడు ఇచ్చునదియు ఇదే మందు. అయితే ఒక సంగతి గమనింపుడి. ఈ మాత్ర వ్యాధిని కుదుర్చదు, అణచిపెట్టును, అంతే. నేడు వేసినది నేటికి పనిచేయును. కొన్ని దినములు మానినయెడల వత్తి మరల పైకి లేచును. ఒక్కసారి పెద్ద ఖర్చు పెట్టి, పెద్ద త్యాగము చేసి ముగించుటకు వీలులేదు. రోజుకు రెండు పూటలు, అది బ్రతికినంత కాలము వేయుచునే యుండవలెను.

పంతులమ్మగారు ఆ మాత్రల అట్టను గోడగూటిలో దీపము ప్రక్కన పెట్టుకొని ఆ పని మొదలుపెట్టిరి.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, చింతచెట్టు క్రింద నేనే ఆమెతో ఈ మాట అంటిని: "ఏమమ్మా, పిల్లికి మాత్రలంట! మనుషులకే మందుల్లేక చస్తా ఉంటే, ఆ డబ్బు బీదలకిచ్చినా పుణ్యం గదా?"

నలుగురు నవ్విరి. నేను మంచి మాట చెప్పితినని నాకును తోచెను. ఆమె కోపపడలేదు. "అన్నా, బీదలకియ్యద్దని ఈ పిల్లి ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోలేదే" అని చెప్పి, గొడుగు తీసికొని వెళ్లిపోయెను.

ఆ మాట నన్ను ఇంటివరకు వెంబడించినది. యోహాను సువార్త పండ్రెండవ అధ్యాయములో బేతనియ విందును గూర్చి చదివియున్నారు గదా. మరియ విలువగల అత్తరును ప్రభువు పాదములకు పూసినప్పుడు, దానిని అమ్మి బీదలకియ్యవచ్చును గదాయని ఒకడు అడిగెను. ప్రశ్న ఎంత న్యాయముగానున్నది! అయితే అడిగినవాడు ఇస్కరియోతు యూదా. అతనికి బీదలమీద శ్రద్ధ లేదని సువార్తికుడు వెంటనే వ్రాసియున్నాడు. ఆ రాత్రి నా లెక్క నేను చూచుకొంటిని. నేను బీదల పేరు చెప్పిన ఆ ఆదివారమున బీదవానికి నా జేబులోనుండి ఒక్క రూపాయియు పోలేదు. పంతులమ్మగారు మాత్రము సాయంకాలపు కాఫీ మానుకొని ఆ మిగులు సొమ్ముతో మాత్రలు కొనుచుండిరి. కానుక సంచిలో ఆమె వేయునది తగ్గలేదు. వీధిలోని ఇద్దరు బీదపిల్లల బడి పుస్తకములకు ఆమె ఇచ్చునదియు తగ్గలేదు. బీదలను అడ్డము పెట్టుకొని నేను దాచుకొన్నది నా పిసినారితనమును మాత్రమే.

ఇది జరిగిన కొన్ని నెలలకు ఆమెకు విషజ్వరము వచ్చెను. మదనపల్లెలో ఆసుపత్రిలో చేర్చిరి. పోవుటకు ముందు ఆమె ఇంటి తాళపుచెవి నా చేతిలో పెట్టి, ఒక కాగితము ఇచ్చెను. అందులో ఇట్లున్నది: ఉదయము ఆరు గంటలకు ఒకటి, సాయంకాలము ఆరు గంటలకు ఒకటి. మాత్రను పొడి చేయవద్దు. వేసిన తరువాత కొంచెము నీళ్లు పట్టవలెను, లేనియెడల అది గొంతులో అంటుకొని పుండు చేయును. తరువాత చేతులు కడుగుకొనవలెను. గర్భిణిగానున్న మీ కోడలిని ఈ మాత్రలు ముట్టనియ్యవద్దు. కక్కినను, ముఖము మాటిమాటికి గోకుకొన్నను, తినుట మానినను వెంటనే నాకు ఫోను చేయుము. క్రింద ఒక మాట అదనముగా వ్రాసియుండెను: "అన్నా, అది నిన్ను తిట్టుకుంటాది. ఏమీ అనుకోవద్దు."

మొదటి దినమున ఎండుచేప ముక్కలో మాత్ర దాచి పెట్టితిని. అది చేపను శుభ్రముగా తిని, మాత్రను నేలమీద వదలి, మూతి తుడుచుకొని నావైపు చూచెను. రెండవ దినమున పాత తువాలులో చుట్టి పట్టుకొంటిని. నా ముంజేతిమీద మూడు గీతలు పడెను. మూడవ దినమున నన్ను చూచి మంచము క్రిందికి దూరెను. నేను నేలమీద మోకరించి, ఒక చేతితో కఱ్ఱ, ఒక చేతితో చేప పట్టుకొని బతిమాలవలసివచ్చెను. వాకిటిలో నిలిచిన పొరుగింటి పిల్లలు పొట్ట చేతపట్టుకొని నవ్విరి. చివరకు పట్టుకొని, తల కొంచెము పైకెత్తి, నాలుక మొదట మాత్ర పెట్టి, నోరు మూసి గొంతు నిమిరితిని. అది మ్రింగెను. ఆ చిన్న గొంతు నా వ్రేళ్ల క్రింద కదలినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంత యని చెప్పలేను.

నాలుగవ దినము సాయంకాలము టమాటా గంపలు లారీకెక్కించు పని యుండెను. నేను అలసి వచ్చి, తిని, పడుకొంటిని. నడిరేయి మెలకువ వచ్చెను. మాత్ర! వేయలేదు. లేవవలెనని తలచితిని గాని, మనస్సులో ఒక స్వరము పలికెను: "ఒక్క పూటే గదా, ఏమవుతుంది?"

చదువరులారా, ఆ మాట విని నేను పడకమీద కూర్చుండిపోయితిని. ఎందుకనగా ఆ మాటను నేను అంతకుముందు విన్నాను. అది నా నోటి మాటయే.

మా అమ్మకు రక్తపుపోటు ఉండెను. దినమునకొక మాత్ర వేయవలెనని డాక్టరుగారు చెప్పిరి. ఆ పని నాది. మొదటి రెండు నెలలు తప్పలేదు. తరువాత అమ్మకు తలనొప్పి పోయెను, ముఖము తేటపడెను. "బాగుంది గదా" అని నేననుకొంటిని. అట్ట అయిపోయిన దినమున కోతల పని యుండెను. రేపు తెత్తుననుకొంటిని. రేపు కూడ పని యుండెను. ఒక్క పూటే గదా, ఒక్క దినమే గదా, ఒక్క వారమే గదా. అమ్మ అడుగలేదు. కుమారునికి ఖర్చు పెట్టించుట ఆమెకు ఇష్టములేదు. ఒక ఉదయము సంగటి కలుపుచు ఆమె ప్రక్కకు ఒరిగిపోయెను. పక్షవాతము. ఆ తరువాత మూడేండ్లు బ్రతికెను గాని నోట మాట లేదు. ఆ మూడేండ్లును నేను మాత్రలు ఒక్క పూటయు తప్పలేదు. నేను మాత్ర పట్టుకొని వచ్చినప్పుడెల్ల ఆమె నావైపు చూచుచుండెను. ఆ చూపులో నింద లేదు. అదియే నాకు భరింపరానిదాయెను.

ఆ రాత్రి నేను పంతులమ్మగారికి ఫోను చేసి తప్పు ఒప్పుకొంటిని. ఆమె గొంతు జ్వరముతో నీరసముగానుండెను. "పోనీలేన్నా. ఇప్పుడు పరుగెత్తొద్దు. పొద్దున మామూలుగా ఒకటే వెయ్యి. మరిచిపోయినామని రెండు వెయ్యొద్దు" అని చెప్పెను. ఆ మాట నాకు వైద్యమును మించిన పాఠమాయెను. తప్పిన పూటను రెండింతలు వేసి తిరిగి తెచ్చుకొనలేము. రేపటి పూటను తప్పకుండుటయే మనకున్న మార్గము. మా అమ్మ విషయములో నేను ఎన్ని ఏండ్లు ఆ రెండింతల లెక్క వేసికొనుచు దుఃఖించితినో దేవునికే తెలియును.

ఇప్పుడు మీ దృష్టిని మన ప్రాంతమునకే చెందిన ఒక పెద్ద సంగతివైపు త్రిప్పెదను. మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరమును ఎరుగనివారు మనలో లేరు. వివిధ మిషనులు కలిసి 1912లో స్థాపించిన క్షయ శానటోరియము అది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమట్ మోల్లర్ అను డెన్మార్కు దేశస్థుడు దానికి మొదటి పెద్ద. ఆ దినములలో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇవే వైద్యము. అచ్చట మంచము దొరకుటయే ఒక భాగ్యము. తరువాత స్ట్రెప్టోమైసిన్ వచ్చెను, 1952లో ఐసోనియజిడ్ వచ్చెను. అప్పుడొక ప్రశ్న పుట్టెను. రోగిని శానటోరియములో ఉంచవలెనా? ఇరుకింటిలో, బీదతిండితో, పనిపాటలతోనున్న వానికి ఇంటిలోనే మాత్రలిచ్చినను కుదురునా?

1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రము స్థాపించి దీనిని పరీక్షించిరి. కొందరిని శానటోరియములో ఉంచిరి, కొందరికి ఇంటిలోనే మందు లిచ్చిరి. ఒక సంవత్సరము అందరికి ఒకే మందు. 1959లో ఫలితము ప్రకటించిరి. ఇంటిలోనుండి మందు తీసికొన్నవారును శానటోరియములో ఉన్నవారితో దాదాపు సమానముగా కుదురుకొనిరి. ఈ వార్త లోకమంతట క్షయ వైద్యమును మార్చివేసెను. స్వస్థత గొప్ప కట్టడములో లేదనియు, తప్పక మ్రింగిన మాత్రలో ఉన్నదనియు తేలెను.

అయితే ఆ పరిశోధకులు మరియొక సంగతి కూడ ఎరిగియుండిరి. చేతికిచ్చిన మాత్ర నోటిలోనికి పోయినదో లేదో ఎట్లు తెలియును? అందుచేత వారు మూత్రము పరీక్షించి చూచుచుండిరి. ఎందుకనగా దగ్గు తగ్గిన దినముననే మనుష్యుని చేయి సడలును. వ్యాధి లోపల దాగియుండగానే "బాగుంది గదా" అనును. 1997లో మన దేశమున సవరించిన క్షయ నివారణ పథకము ఆరంభమైనప్పుడు, రోగి మరియొకరి కన్నులయెదుట మందు మ్రింగు ఏర్పాటు చేయబడినది ఇందువలననే. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నివేదికలో, సంపన్న దేశములలో సహితము దీర్ఘవ్యాధులుగల వారిలో సగటున సగముమంది మాత్రమే చెప్పిన ప్రకారము మందు వాడుచున్నారని యున్నది. మందు కొనలేకపోవుట ఒక కష్టము. కొన్న మందును దినదినము వేయలేకపోవుట మరియొక కష్టము. ఈ రెండవది ధనికునికిని బీదవానికిని సమానమే.

నా ప్రియులారా, మనలో చాలమంది ఒక్క గొప్ప దినమున గొప్ప కార్యము చేయగలము. అగ్ని ప్రమాదమున పొరుగువాని పశువును విడిపింప పరుగెత్తుదుము. పండుగనాడు చేయి చాచి దానము చేయుదుము. కాని ఎవరును చూడని పూట, ఎవరును పొగడని పనిని, నిన్న చేసినట్లే నేడును చేయుట మనకు బరువు. అరణ్యములో మన్నాను ఏనాటిది ఆనాడే కూర్చుకొనవలసివచ్చెను గదా. మరునాటికని దాచినది పురుగు పట్టెను. నమ్మకత్వమును కూడ మూటగట్టి అటకమీద పెట్టుకొనలేము. నిన్నటి మాత్ర నేటికి చాలదు.

ఇప్పుడు మీ మనస్సులోనుండు ప్రశ్నలకు వత్తును.

"పిల్లికి ఇదంతయు తెలియదు గదా, మనలను శత్రువులనుకొనును గదా, ఇట్టి ప్రేమ యేమి ప్రేమ?" అని మీరడుగవచ్చును. నిజమే, దానికి తెలియదు. మన అమ్మలు మనలను కాళ్లమధ్య ఇరికించుకొని ముక్కు మూసి ఆముదము పోసిన దినమున మనకును తెలియలేదు. ఆ దినమున అమ్మకంటె క్రూరురాలు లోకములో లేదనుకొంటిమి. తిరిగి కృతజ్ఞత వచ్చునని లెక్కించి చేయునది వ్యాపారము. గీతలు పడిన చేతితోనే సాయంకాలము మరల మాత్ర పట్టుకొనువాడు ప్రేమ యననేమో ఎరిగినవాడు. మరియొక మాట. ఆ పిల్లి ప్రతి పూటయు నన్ను అసహ్యించుకొనినను, పది నిమిషములైన తరువాత వచ్చి నా పాదముల యొద్దనే పడుకొనుచుండెను. అది మరచిపోయెనో క్షమించెనో నాకు తెలియదు. నేనైతే అంత త్వరగా ఎవరిని క్షమింపను.

"మృగమునకు ఇంత చేయుట వాక్యానుసారమా?" అని కొందరడుగుదురు. సామెతల గ్రంథము పండ్రెండవ అధ్యాయము పదియవ వచనము తీసి చూడుడి. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చియు చింతించునని అచ్చట బోధింపబడినది. లూకా పదమూడవ అధ్యాయములో ప్రభువు తన్ను తప్పుపట్టినవారితో వాదించుచు, విశ్రాంతిదినమున సహితము మీరు ఎద్దును గాడిదను విప్పి నీళ్లకు తోలుకొనిపోవుదురు గదాయని జ్ఞాపకము చేసెను. దప్పికకు ఆదివారము లేదు. మాత్రకును లేదు. మన దేశపు చట్టమును అదే దారిలో నడుచుచున్నది. జంతువులపట్ల క్రూరత్వ నివారణకై 1960లో చేసిన చట్టము, ఒక జంతువు ఎవని పోషణలో ఉన్నదో వాడు దాని క్షేమముకొరకు తగిన చర్యలు తీసికొనుట వాని విధి యని చెప్పుచున్నది. పండ్రెండేండ్లు మన మూటలను కాచినది ముసలిదైనప్పుడు మన కాపుదలలోనుండి తొలగిపోవునా?

"అయితే ప్రతివాడును తన పిల్లికి ఇట్లే చేయవలెనా?" లేదు. ఇచ్చట నేను జాగ్రత్తగా చెప్పవలెను. ఇంటిలో పసిపిల్లలకు పాలు లేనప్పుడు, అప్పు తెచ్చి పిల్లికి రక్తపరీక్ష చేయింపని తల్లిమీద ఎవరును నేరము మోపకూడదు. ఆమె దానిని ఎండలో తరుమక, ఇంత నీడయు ఇంత సంగటియు ఇచ్చి, దాని చివరి దినములు నెమ్మదిగా గడువనిచ్చినయెడల అదియు దయయే. మందు వలన జంతువు పడు బాధ వ్యాధి బాధను మించినప్పుడు ఆపుటయు దయయే. పంతులమ్మగారి పిల్లికి రెండవ యేట మూత్రపిండములు కూడ బలహీనమైనవని తెలిసెను. ముసలి పిల్లులలో ఈ రెండును కలిసి వచ్చుట అరుదు కాదు. అప్పుడు డాక్టరుగారు మాత్ర మోతాదు తగ్గించిరి. "ఇంకెంత కాలమో తెలియదు. అది తినకుండా పడుకొనిన దినమున దానిని పీడింపను" అని ఆమె ముందుగానే తీర్మానించుకొనెను. ఎప్పుడు పట్టుకొనవలెనో, ఎప్పుడు విడువవలెనో రెండును ప్రేమకే తెలియును. సోమరితనము కూడ విడుచును గాని, అది తన సుఖముకొరకు విడుచును.

మరియొక హెచ్చరిక. ఇది చదివి ఎవరును తమ యింటి మాత్రలను పిల్లికి వేయకుడి. మనకు జ్వరమునకు వాడు పారాసిటమాల్ ఒక్క మాత్రయే పిల్లి ప్రాణము తీయగలదు. మోతాదు పశువైద్యుడే చెప్పవలెను, రక్తము పరీక్షించి మార్చవలెను. జ్ఞానములేని దయ కూడ చంపును.

పదవ దినమున పంతులమ్మగారు ఇంటికి తిరిగి వచ్చిరి. పిల్లి మంచము క్రిందనుండి వచ్చి ఆమె చీర చెంగును వాసన చూచెను. ఆమె మాత్రల అట్టను చేతిలోనికి తీసికొని లెక్కపెట్టెను. ఒకటి ఎక్కువగా నుండెను. ఆమె నావైపు చూచి, ఏమియు అనక, దానిని తిరిగి గూటిలో పెట్టెను. నేను ఇంటికి వచ్చునప్పుడు, మా కోడలికి డాక్టరుగారు వ్రాసిన ఇనుపధాతువు మాత్రలు మా వంటింటి డబ్బాలో అట్లే పడియున్నవని జ్ఞాపకము వచ్చెను. ఆ పిల్ల అడుగదు, సిగ్గు. నా కుమారుడు మరచిపోవును, పని. ఆ సాయంకాలము నేనే గ్లాసుతో నీళ్లు పట్టుకొని పోయితిని. "ఎందుకు మామా మీరు?" అని ఆమె లేచి నిలిచెను. "నాకు అలవాటైంది లేమ్మా" అంటిని.

ఇప్పుడు పంతులమ్మగారి పిల్లికి పధ్నాలుగేండ్లు. ఈ ఉదయమున కూడ ఆరు గంటలకు ఆ యింటినుండి దాని అరపు వినబడినది. తువాలులో చుట్టుచున్నారని తెలిసికొంటిని. అది ఎంతకాలము బ్రతుకునో ఎవరికి తెలియును? అది బ్రతుకుననియే ఆమె మందు వేయుటలేదు. అది ఆమె చేతికి అప్పగింపబడినది గనుక వేయుచున్నది.

చదువరులారా, ఈ పత్రికను మూసి మీ యింటి గోడగూటిలోనికి చూడుడి. ఎవరి మాత్రలు అచ్చట ఉన్నవి? తండ్రివా, అత్తగారివా, మాటరాని బిడ్డవా? అడుగలేనివారు, లేక అడుగుటకు వెనుదీయువారు మీ యింట ఎవరున్నారు? చాల దినములు తప్పియుండిన మందైతే డాక్టరునడిగి మరల మొదలుపెట్టుడి. తప్పిన పూటలను లెక్కించుచు కూర్చుండకుడి, వాటిని రెండింతలు చేసి తీర్చలేరు. సాయంకాలము ఆరు గంటలకు నీళ్లగ్లాసుతో లేవుడి. రేపు ఉదయము మరల లేవుడి.